రోడ్డెక్కిన గోడు... ఆగిపోయిన బస్సు!

కోదాడలో తెల్లవారుజామున బస్సెక్కితే పదింటికల్లా హైదరాబాద్‌లో ఉండొచ్చు. కానీ సూర్యాపేట రాకముందే బస్సు ఆగిపోతుంది. ముందు లారీలు, వాటి ముందు కార్లు, ఆ ముందెక్కడో ఎర్రజెండాలో పచ్చజెండాలో... ఏదో ఒక జెండా. డ్రైవర్ ఇంజను ఆపేస్తాడు. ‘రాస్తారోకోనంట’ అన్న మాట ముందు సీటు నుంచి వెనక సీటుదాకా పాకుతుంది.

బస్సులో నిమ్స్‌లో చూపించుకోవడానికి నెల కిందటే తేదీ తీసుకున్న పెద్దాయన ఉంటాడు. ఇంటర్వ్యూ కాగితాలు ఒళ్లో పెట్టుకున్న కుర్రాడు ఉంటాడు. చంటిబిడ్డకు పాలు ఎక్కడ దొరుకుతాయా అని కిటికీలోంచి చూసే తల్లి ఉంటుంది. రోడ్డు మీద కూర్చున్నవాళ్ల మీద వీళ్లకు కోపం ఉండదు. ఆ మాటకొస్తే, వాళ్లడిగేది న్యాయమే అనుకునేవాళ్లే ఎక్కువ. ‘కానీ మధ్యలో మేమేం చేశాం?’... అదే వాళ్ల ప్రశ్న.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలవాళ్లకు ఇది కొత్త దృశ్యమేం కాదు. ఈ మూడు ఊళ్లకూ ఉద్యమాలూ తెలుసు, వాటివల్ల ఆగిపోయిన ప్రయాణాలూ తెలుసు.

రోడ్డే ఎందుకు?

సూర్యాపేట, కోదాడ హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. ఒకప్పుడు తొమ్మిదో నంబరు, ఇప్పుడు అరవై అయిదు. మిర్యాలగూడ నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద, సికింద్రాబాద్-గుంటూరు రైలుమార్గంలో ఉంది. ఇక్కడ ఒక్క గంట దారి ఆగితే ఆ కబురు రెండు రాష్ట్రాలకు పాకుతుంది. రోడ్డెక్కినవాళ్లకు కావాల్సిందీ అదే.

దీనికి మరో కారణమూ ఉంది. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడేదాకా కలెక్టర్‌ను కలవాలంటే కోదాడ రైతు నల్గొండ దాకా పోవాల్సిందే. పోయినా అధికారి దొరుకుతాడన్న నమ్మకం లేదు. అదే హైవే మీద బైఠాయిస్తే? గంటలో సీఐ వస్తాడు, రెండు గంటల్లో ఆర్డీవో వస్తాడు. ‘అర్జీ పెడితే ఆర్నెల్లు, రోడ్డు మీద కూసుంటే అర్ధగంట’ అన్న లెక్క జనానికి ఎవరూ నేర్పలేదు. అనుభవమే నేర్పింది.

మిర్యాలగూడ సంగతే చూడండి. సాగర్ ఎడమ కాలువ కింద పండే సన్నవడ్లకు ఇక్కడి రైస్ మిల్లులే దిక్కు. కోతలన్నీ ఒక్కసారే మొదలైతే మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. ధర తగ్గినా, టోకెన్ల దగ్గర తేడా వచ్చినా రైతు చేసేది ఒక్కటే. ట్రాక్టర్‌ను రోడ్డుకు అడ్డంగా పెట్టడం! పచ్చి వడ్లు ట్రాలీలో ఉన్నాయి. రెండు రోజులు ఆలస్యమైతే రంగు మారతాయి. అతనికి కూడా సమయం లేదు, బస్సులో కూర్చున్న రోగికి లేనట్టే.

వంటావార్పు రోజులు

ఈ దారి చూసిన అతిపెద్ద నిరసన సకల జనుల సమ్మె. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగింది. ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయులు, సింగరేణి కార్మికులు విధులు మానేశారు. సెప్టెంబరు 19 నుంచి ఆర్టీసీ కార్మికులు బస్సులు ఆపేశారు. 24, 25 తేదీల్లో రైల్‌రోకో. తెలంగాణ అంతటా రోడ్ల మీదే పొయ్యిలు వెలిగాయి. ‘వంటావార్పు’ అంటూ అక్కడే వండుకున్నారు, అక్కడే తిన్నారు. బతుకమ్మ కూడా నడిరోడ్డు మీదే ఆడారు.

ఆ రోజుల్లో ఇబ్బంది పడనివాళ్లు లేరు. బడులు మూతబడి పిల్లలు చదువు పోగొట్టుకున్నారు. సమ్మె చేసినవాళ్లు జీతం పోగొట్టుకున్నారు. అయినా చాలామంది ‘మన కోసమే కదా’ అని ఓర్చుకున్నారు. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ ఓర్పుకూ అందులో వాటా ఉంది.

సరిగ్గా ఎనిమిదేళ్లకు కథ మరో మలుపు తిరిగింది. 2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు మళ్లీ సమ్మెకు దిగారు. ఈసారి సొంత రాష్ట్రంలో, సొంత ప్రభుత్వం మీద. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ప్రధాన డిమాండు. దాదాపు 48 వేల మంది విధులకు దూరమయ్యారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిపోలు కూడా సమ్మెలోకి వెళ్లాయి. అదీ దసరా పండగ ముందు!

తాత్కాలిక డ్రైవర్లతో కొన్ని బస్సులు నడిచాయి. బడులకు దసరా సెలవులు 19వ తేదీ దాకా పొడిగించారు. అదే రోజు రాష్ట్ర బంద్ జరిగింది. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని ప్రాణాలు విడిచాడు. చర్చలు జరపాలని హైకోర్టు సూచించింది. 52 రోజుల తర్వాత, నవంబరు 25న సమ్మె విరమించారు. ఆ నెలాఖరుకు కార్మికులు విధుల్లో చేరారు. డిసెంబరులో చార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెరిగాయి. అంటే... 52 రోజులు ఆటోలకు అడిగినంత ఇచ్చుకున్న ప్రయాణికుడే, చివరికి పెరిగిన టికెట్టూ కొన్నాడు!

చట్టం ఏమంటోంది?

శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చింది. దేశంలో స్వేచ్ఛగా తిరిగే హక్కు కూడా అదే అధికరణంలో ఉంది. ఒకే గొడుగు కింద రెండు హక్కులన్నమాట. గొడవంతా అవి ఒకే రోడ్డు మీద ఎదురుపడినప్పుడే!

వీధుల్లో సభలు పూర్తిగా నిషేధించడం కుదరదని, క్రమబద్ధం మాత్రమే చేయవచ్చని 1972లో అహ్మదాబాద్‌కు చెందిన హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1997లో కేరళ హైకోర్టు బలవంతపు బంద్‌లు రాజ్యాంగ విరుద్ధమంది. సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2020 అక్టోబరు 7న షహీన్‌బాగ్ కేసులో, ప్రజల దారులను నిరవధికంగా ఆక్రమించడం తగదని, నిరసనలు నిర్దేశించిన స్థలాల్లోనే జరగాలని చెప్పింది. ఇక రైలు ఆపితే రైల్వే చట్టం 174వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

సరే, నిర్దేశించిన స్థలం అంటే ఏది? హైదరాబాద్‌లో ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌక్‌ను 2017లో ఎత్తేశారు. 2018లో హైకోర్టు ఆదేశంతో మళ్లీ అక్కడ నిరసనలకు వీలు చిక్కింది. చౌక్ లేనప్పుడు జనం ఎక్కడికి పోవాలి? చౌక్ ఉండీ అక్కడ వినేవాడు లేకపోతే, మళ్లీ హైవే మీదికే!

మధ్యేమార్గం లేదా?

ఉంది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో 2017లో బస్సు డ్రైవర్లు ఒక దశలో బస్సులు ఆపకుండానే నిరసన తెలిపారు. టికెట్ డబ్బులు మాత్రం తీసుకోలేదు! యాజమాన్యానికి నొప్పి, ప్రయాణికుడికి హాయి. ఫ్రాన్స్‌లో 2007లో వచ్చిన చట్టం ప్రకారం రవాణా సిబ్బంది సమ్మెలో పాల్గొంటామని 48 గంటల ముందే చెప్పాలి. దాన్నిబట్టి ఏ బస్సు ఉంటుందో, ఏది ఉండదో జనానికి ముందే తెలుస్తుంది. మన దగ్గరా కేరళ హైకోర్టు 2019 జనవరిలో హర్తాళ్లకు ఏడు రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి చేసింది.

సూర్యాపేట, కోదాడల్లో ఇలాంటివి పాటించడం కష్టమేం కాదు. ఒక వరస మూసినా రెండో వరస వదలొచ్చు. 108 కూత వినపడగానే లేచి దారివ్వొచ్చు. పరీక్షల రోజులు, పండగ ముందు రోజులు తప్పించొచ్చు. గంటకో రెండు గంటలకో ముగిస్తామని ముందే చెప్తే ప్రయాణికుడు తన జాగ్రత్తలో తానుంటాడు.

అయితే ఇదంతా నిరసనకారుల బాధ్యతేనా? కాదు. ‘ప్రజావాణి’లో ఇచ్చిన అర్జీకి గడువులోగా జవాబు వస్తే సగం రాస్తారోకోలు పుట్టనే పుట్టవు. కోతలు ఏ నెలలో వస్తాయో అధికారులకు తెలియంది కాదు. ట్రాక్టర్లు రోడ్డెక్కాక పరుగెత్తి వచ్చే అధికారి, అవి మిల్లు ముందు బారులు తీరినప్పుడే వస్తే రైతుకు రోడ్డుతో పనేముంది?

ఇంకొక్క మాట. రోడ్డు మీద కూర్చున్నవాళ్లు వేరు, బస్సులో చిక్కుకున్నవాళ్లు వేరు కాదు. 2011లో రోడ్డు మీద అన్నం వండిన చేతులే 2019లో ‘మాకు మద్దతివ్వండి’ అని ప్రయాణికులకు దండం పెట్టాయి. నేడు కిటికీలోంచి విసుక్కున్నవాడు రేపు తన వడ్ల కోసం అదే రోడ్డు మీదికి రావచ్చు. ఆ రోజు తనకు దొరకాలనుకునే ఓర్పును ఈ రోజు ఎదుటివాడికి ఇవ్వాలి. తాను బస్సులో ఉన్నప్పుడు కోరుకునే దారిని, తాను టెంటు కింద ఉన్నప్పుడు వదలాలి.

బస్సు కదులుతుంది. పెద్దాయన నిమ్స్ చేరేసరికి ఓపీ మూసేస్తారేమో! అక్కడ రోడ్డు మీద కూర్చున్నవాళ్ల గోడు వినాల్సినవాళ్లు మాత్రం ఆ బస్సులో లేరు. ఉంటే ఇద్దరి కష్టమూ ఒకేసారి తెలిసేది.