పాన్‌ఫిష్ వేటలో సజీవ ఎర: ఎంపిక, గుచ్చే విధానం, మిగులు ఎర యాజమాన్యం

ఉత్తర అమెరికా మంచినీటి సరస్సులలో లభించే, వంట పెనంలో పూర్తిగా ఇమిడే పరిమాణం గల చేపలను అక్కడ పాన్‌ఫిష్ అని వ్యవహరిస్తారు. బ్లూగిల్, పంప్‌కిన్‌సీడ్, క్రాపీ, యెల్లో పెర్చ్ వీటిలో ముఖ్యమైనవి. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాలలో వీటిని వేసవిలో ఒడ్డు నుంచి, పడవల నుంచి, శీతాకాలంలో గడ్డకట్టిన సరస్సుపై మంచుకు రంధ్రం చేసి గాలంతో పడతారు. ఈ వేటలో వాడే ఎరలలో అనేకం వ్యవసాయ శాస్త్రానికి సుపరిచితమైన జీవులే. నేలను గుల్లపరచే వానపాము, తేనెపట్టును నాశనం చేసే మైనపు పురుగు, పిండిలో పెరిగే టెనెబ్రియో పెంకు పురుగు లార్వా ఇందుకు ఉదాహరణలు. కనుక ఎర ఎంపికను, మిగిలిన ఎర గతిని వ్యవసాయ విస్తరణ దృష్టితో పరిశీలించడం అవసరం.

చేప నోరు - ఎర పరిమాణం

ఎర ఎంపికకు మొదటి ఆధారం చేప నోటి నిర్మాణం. బ్లూగిల్ నోరు చాలా చిన్నది. అది ఆహారాన్ని నీటితోపాటు లోనికి పీల్చుకుంటుంది. జంతు ప్లవకాలు, జలకీటకాల లార్వాలు, చిన్న నత్తలు దాని సహజాహారం. పెద్ద వానపామును నిండుగా గుచ్చితే బ్లూగిల్ దాని కొసలను మాత్రమే కొరికి తింటుంది. ముల్లు నోటిలోకి చేరదు. అందువల్ల వానపాము ముక్క, మైనపు పురుగు, ఇలకోడి వంటి చిన్న ఎరలు అనువైనవి. క్రాపీ నోరు వెడల్పైనది, పెదవులు పలుచనివి. ఎదిగిన క్రాపీ చిన్న చేపలను వేటాడుతుంది కాబట్టి 3 నుంచి 5 సెంటీమీటర్ల సజీవ చేపపిల్ల దానికి తగిన ఎర. యెల్లో పెర్చ్ వానపామును, చేపపిల్లను కూడా స్వీకరిస్తుంది.

నీటి ఉష్ణోగ్రత రెండవ అంశం. చల్లని నీటిలో చేపల జీవక్రియ మందగించి, అవి తక్కువగా కదులుతాయి, తక్కువగా తింటాయి. మంచు కింద చేసే వేటలో ఒకటి రెండు మైనపు పురుగులు చాలడానికి ఇదే కారణం.

గాలపు ముల్లు విషయంలో నంబరు పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతుంది. బ్లూగిల్‌కు 8 లేదా 10, క్రాపీకి 4 లేదా 6 నంబరు ముల్లు సరిపోతుంది. సన్నని తీగతో చేసిన ముల్లు ఎరకు తక్కువ గాయం చేస్తుంది. కాడ పొడవుగా ఉంటే చిన్న నోటి నుంచి ముల్లును తీయడం సులభం.

గుచ్చే విధానం

ఎర వీలైనంత ఎక్కువసేపు సజీవంగా కదలడం, ముల్లు మొన చేప నోటిలో దిగడానికి వీలుండడం అనే రెండు ప్రయోజనాలను గుచ్చే విధానం నెరవేర్చాలి.

వానపాము: 2 నుంచి 3 సెంటీమీటర్ల ముక్కను ముల్లుపై దారం ఎక్కించినట్లు ఎక్కించి, చివర కొద్ది భాగాన్ని వేలాడనివ్వాలి.

మైనపు పురుగు: ఒక కొస నుంచి మెల్లగా ఎక్కించాలి. పలుచని చర్మం చిట్లితే లోపలి ద్రవం కారి ఎర ముడుచుకుపోతుంది.

ఇలకోడి: తల వెనుక గట్టి కవచం కింద గుచ్చాలి. మెత్తని పొట్టలో గుచ్చితే త్వరగా ఊడిపోతుంది.

చేపపిల్ల: కింది పెదవి నుంచి పై పెదవికి గుచ్చవచ్చు. బెండు కింద నిశ్చలంగా వేలాడదీసేటప్పుడు వీపు రెక్క దిగువన, వెన్నెముకకు తగలకుండా గుచ్చాలి. వెన్నెముక తెగితే కదలిక ఆగిపోతుంది.

జలగ: వెడల్పైన వెనుక చూషకం వద్ద గుచ్చితే స్వేచ్ఛగా ఈదుతుంది.

మిగులు ఎర - అడవి నేల

ఎరగా ప్రసిద్ధి చెందిన నైట్‌క్రాలర్, అనగా లుంబ్రికస్ టెరెస్ట్రిస్, ఐరోపా జాతి. కెనడాలోని దక్షిణ ఒంటారియో పొలాలలో రాత్రివేళ చేతితో ఏరి దీనిని అమెరికాకు ఎగుమతి చేస్తారు. మహా సరస్సుల ఉత్తర ప్రాంతం గత హిమయుగంలో మంచు పలకల కింద ఉన్నందున, ఐరోపా వలసలకు ముందు అక్కడి అడవులలో వానపాములు లేవు. రాలిన ఆకులు శిలీంధ్రాల వల్ల నెమ్మదిగా కుళ్ళి మందపాటి మెత్తని పొరగా ఏర్పడేవి. షుగర్ మేపుల్ మొలకలు, అడవి పూలమొక్కలు ఆ పొరలోనే వేళ్ళూనుతాయి.

వానపాములు ప్రవేశించిన చోట ఈ పొర కొన్నేళ్ళలోనే హరించుకుపోతుంది. మిన్నెసోటాలోని చిప్పెవా జాతీయ అరణ్యంలో సిండీ హేల్, లీ ఫ్రెలిచ్ తదితరులు జరిపిన అధ్యయనాలలో, వానపాముల దండు ముందుకు సాగిన మేరకు ఆకుల పొర పలుచబడడం, నేలమట్టపు మొక్కలు తగ్గడం వెల్లడైంది. వానపాములు స్వయంగా ఏడాదికి సుమారు 5 నుంచి 10 మీటర్లు మాత్రమే విస్తరిస్తాయి. మారుమూల సరస్సు ఒడ్డులకు అవి చేరిన మార్గాలలో, వేటగాళ్ళు దయతలచి ఒడ్డున పారబోసిన మిగులు ఎర ఒకటి. రవాణాను, చలిని, నిల్వను తట్టుకునే గుణమే దానిని మంచి ఎరగా, అదే సమయంలో సమర్థమైన ఆక్రమణదారుగా చేస్తున్నది.

చేపపిల్లల విషయంలో ముప్పు వ్యాధి రూపంలో ఉంటుంది. మహా సరస్సుల చేపలలో 2005లో నిర్ధారణ అయిన వైరల్ హెమరేజిక్ సెప్టిసీమియా అనంతరం ఎర చేపల రవాణాపై నియంత్రణలు పెరిగాయి. మిగులు ఎరను నీటిలో వదలరాదని, వానపాములను నేలపై పారబోయక చెత్తబుట్టలో వేయాలని మిన్నెసోటాలో ప్రజలకు బోధిస్తున్నారు.

విస్తరణ కార్యక్రమాలకు సూచన

తెలుగునాట వానపామును ఎర్ర అని కూడా పిలుస్తారు. గాలానికి దానిని గుచ్చడం ఇక్కడా పరిపాటే. వర్మికంపోస్టు తయారీలో వాడే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే జాతులు కూడా మనకు స్వదేశీయాలు కావు. సాగునేలకు, ఎరువు గుంతకు మేలు చేసే జీవి ప్రతి నేలకూ మేలు చేస్తుందని భావించరాదు. ఆ నేల ఏ జీవులతో కలిసి రూపొందిందన్నదే నిర్ణాయకం. కావున సజీవ జీవుల వినియోగాన్ని బోధించే ప్రతి శిక్షణలో వాటి ఎంపిక, వాడకంతోపాటు మిగిలిన వాటిని ఏమి చేయాలన్నది కూడా పాఠ్యాంశంగా చేర్చాలి.