గేటు తెరుచుకునే ముందు

ఆ మధ్య మా జిల్లా శాఖ జరిపిన కథాగోష్ఠిలో ఒక యువ రచయిత కథ చదివాడు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పాకిస్తాన్ జైలు పాలవుతాడు; చివర వాఘా గేటు తెరుచుకుంటుంది, తల్లి కౌగిలించుకుంటుంది. చప్పట్లు మోగాయి. ఆ గేటు ఎవరు తెరిచారో కథలో లేదని నేనన్నాను. "ప్రభుత్వం తెరిచింది గదా మాస్టారూ" అన్నాడు. ఈ వ్యాసం ఆ జవాబు వల్ల రాస్తున్నదే.

కథకు మూలమైన ఘటన పత్రికల్లో వచ్చినదే. 2017 ఏప్రిల్‌లో ఒక ఇంజనీరు కనిపించకుండా పోయాడు. కుటుంబం మాదాపూర్ పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసింది. పత్రాలు లేకుండా ప్రవేశించాడని బహావల్పూర్ ప్రాంతపు ఎడారిలో అతన్ని అరెస్టు చేసిన సంగతి 2019 నవంబరులో బయటపడింది. 2021 మే 31న వాఘాలో మనవాళ్ళకు అప్పగించారు. సైబరాబాద్ పోలీసులు తీసుకొచ్చి ఇంటివారికి అప్పజెప్పారు. కౌగిలింత ఒక్క నిమిషం. దానికి ముందటి ఏడాదిన్నర కథలో ఒక్క వాక్యం!

ఆ కాలాన్ని నడిపేది కాగితం. 2008 మే 21న రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. మూడు నెలల్లోగా హైకమిషన్ అధికారులు ఖైదీని కలిసే వీలు కల్పించాలి. శిక్ష ముగిసి, జాతీయత నిర్ధారణ అయిన నెలలోగా పంపెయ్యాలి. ఈ నిర్ధారణ దగ్గరే మనుషులు ఏళ్ళ తరబడి ఇరుక్కుపోతారు. ఖైదీ చెప్పిన ఊరు, తండ్రి పేరు, ఇల్లు అతని దేశంలో ఎవరో వెళ్ళి సరిచూడాలి.

మరి చెప్పలేనివాడి గతి?

ఆ ప్రశ్న మన జైళ్ళలోనే పుట్టింది. శిక్ష పూర్తయినా ఇక్కడే మగ్గుతున్న పాకిస్తానీయుల కోసం న్యాయవాది భీంసింగ్ ప్రభృతులు 2005లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ ఖైదీల్లో మతిస్థిమితం లేనివారు, మూగవారు, చెవిటివారు ఉన్నారు. ఊరి పేరు చెప్పుకోలేని మనిషిని ఏ దేశమూ నావాడు అనదు. 2012లో కోర్టు వీరిని జైలు నుంచి తప్పించి, పంపే దాకా వేరే చోట ఉంచమంది. ఆధారం రాజ్యాంగంలోని 21వ అధికరణం. సాహిత్య విద్యార్థులు ఇక్కడొక పదభేదం గమనించాలి: వాక్ స్వాతంత్ర్యాన్నిచ్చే 19వ అధికరణం "పౌరులు" అంటుంది, 21 మాత్రం "వ్యక్తి" అంటుంది. పరాయి దేశపు మూగవాడికి నిలువనీడ దొరికింది ఆ ఒక్క మాటలోనే.

అయితే కోర్టును దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. విదేశీయుణ్ణి వెళ్ళగొట్టే అధికారం ప్రభుత్వానికి సంపూర్ణమని 1955లో హాన్స్ ముల్లర్ కేసులో చెప్పింది ఆ సుప్రీంకోర్టే. ఎందుకు బంధించావు, ఎంతకాలం అని అడిగినంత గట్టిగా, ఎందుకు పంపుతున్నావని అడగదు.

2018 నవంబరులో గుజరాత్ తీరాన చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో తిరిగొచ్చారు. ఆ ప్రేరణతో 2025లో 'తండేల్' సినిమా వచ్చింది. ప్రేమకథ ముందు నిలిచింది. సొంత సముద్రం ఉన్నవాళ్ళు కూలికి గుజరాత్ పడవలెందుకు ఎక్కారన్నది వెనక్కి పోయింది.

మొన్న ఆ కుర్రవాడు కథ తిరగరాసి తెచ్చాడు. ఇప్పుడది స్టేషన్‌లో మొదలవుతుంది. పుట్టుమచ్చల గడి నింపుతూ రైటర్ తల్లిని అడుగుతాడు, ఆమెకు జ్ఞాపకం రాదు. అక్కడే ఆగిపోయిందన్నాడు.