దుంగలయింటి బొంత

పొంతన లేని పనిని మనము ‘అతుకులబొంత’ యని నిందింతుము. ఆ మాట బొంతకెంత అన్యాయము చేయుచున్నదో తెలియవలెనన్న, అమెరికా గృహిణులు 19వ శతాబ్ది ఉత్తరార్ధమున విరివిగా కుట్టిన ‘లాగ్ కాబిన్’ మాదిరిని, అనగా దుంగలయింటి బొంతను, ఒకమారు నిదానించి చూడవలెను.

నడుమ ఒక చిన్న చదరము. అది తరచుగా ఎరుపు, ఇంటిలోని పొయ్యికి గుర్తని చెప్పుదురు. దాని చుట్టును, దుంగపై దుంగ పేర్చినట్లు, పట్టీవెంట పట్టీని కుట్టుకొనుచు పోవుదురు. పక్కపక్కనున్న రెండు వైపుల లేతరంగులును, తక్కిన రెండు వైపుల ముదురురంగులును నిలుపుటచే, ఇట్లేర్పడిన గడి మూలనుండి మూలకు వెలుగునీడలుగా చీలును. ఇట్టి గడులను తిప్పి తిప్పి పేర్చినచో, ఒకప్పుడు నాగలిచాళ్లవంటి వాలుగీతలును, ఒకప్పుడు ఒకదానిలో నొకటి యిమిడిన వజ్రాకృతులును పొడసూపును. పేలికలు మారలేదు, గడులు మారలేదు. నీడ నిలిచిన చోటు మాత్రమే మారినది. ఈ మాదిరికి ప్రాణమంతయు అందే యున్నదని నా నమ్మకము.

1971లో న్యూయార్కునందలి విట్నీ మ్యూజియమున పాతబొంతలను చిత్రపటములవలె గోడలకు తగిలించిరి. అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను పల్లెలోని నల్లజాతి స్త్రీలు, పొలముపనులలో చినిగిన దుస్తులనే కత్తిరించి, దుంగలయింటి మాదిరికి దగ్గరి చుట్టమగు ‘హౌస్‌టాప్’ మాదిరిని తమ యిచ్చవచ్చినట్లు వంకరగీతలతో కుట్టిరి. 2002లో హ్యూస్టన్ కళాప్రదర్శనశాలలో ఆ పల్లె బొంతలు కొలువుదీరినవి.

నేడు దుంగలయింటి బొంతను కొత్తగా కుట్టువారు పలువురు పూలగుడ్డలను విడిచి ఏకవర్ణపు నూలుగుడ్డల నేరుకొందురు. పట్టీలను పక్కపక్కనున్న రెండు వైపుల సన్నముగను, తక్కిన రెండు వైపుల వెడల్పుగను కోసినచో, ఎఱ్ఱచదరము ఒక మూలకు జరిగి, తిన్నని గుడ్డముక్కలతోనే వంపు తిరిగిన భ్రాంతి కలుగును. మంచమంత గడి నొక్కదానినే కుట్టువారును కలరు.

కొలతలో మాత్రము స్వేచ్ఛ లేదు. ప్రతి అంచునను పావు అంగుళము కుట్టులోనికి పోవును గనుక, అంగుళము వెడల్పు కనబడవలసిన పట్టీని అంగుళమున్నర కోయవలెను; రవంత తప్పినను ఆ దోషము చుట్టుచుట్టునకు పెరిగి గడులు కలియవు. ఇక రంగుల యెంపికకు, గుడ్డలను పరచి కన్నులు సగము మూసి చూచినచో లేతయేదో ముదురేదో తేలును.

మన యిండ్లలో వాడి వాడి మెత్తనైన మంగళగిరి నూలుచీరల ఒడలు ఈ పనికి ఎంతయు తగును; కాని వానితో జతపరచు కొత్తగుడ్డను ముందుగా ఉతికి ఆరవేయవలెను, లేనిచో తొలి ఉతుకుననే అది ముడుచుకొని పాతచీరను తనవైపునకు లాగివేయును.