ఎలిజబెత్ టేలర్ పేరులో కత్తెర!

'లేడీస్ టైలర్' (1986) అనగానే మీకు రాజేంద్రప్రసాద్ గుర్తొస్తాడు. 'క్లియోపాత్రా' (1963) అనగానే ఎలిజబెత్ టేలర్ కళ్లముందు మెదులుతుంది. ఆ టైలరుకీ ఈ టేలర్‌కీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? ఉంది! రెండూ ఒక్క మాటే!

కత్తిరించడమనే అర్థమున్న పాత ఫ్రెంచి మాటలోంచి పుట్టిందది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వాళ్ల భాషతో పాటు అక్కడ దిగింది. ఊళ్లో నలుగురు జాన్‌లుంటే బట్టలు కుట్టే జాన్ 'టేలర్ జాన్' అయ్యాడన్నమాట. రానురాను ఆ పిలుపు వంశానికే అంటుకుపోయింది. కొడుకు కత్తెర వదిలేసినా పేరు మాత్రం వాణ్ణి వదల్లేదు. అలాగే కమ్మరి స్మిత్ అయ్యాడు. పీపాలు చేసేవాడు కూపర్. హాలీవుడ్ హీరో గారీ కూపర్ ఇంటిపేరు అదే సుమా!

మరి మన సంగతేమిటి? నందమూరి, ఘంటసాల... తెలుగు ఇంటిపేర్లలో ఊళ్ల పేర్లే ఎక్కువ. కానీ ఒక్కసారి బాసర వైపు వెళ్లి చూడండి. చదువులతల్లి సన్నిధిలో పిల్లలు అక్షరాలు దిద్దే ఊరు. పక్కనే మహారాష్ట్ర సరిహద్దు. కాబట్టి ఆ వైపు మరాఠీ ఇంటిపేర్లూ వినిపిస్తాయి. కులకర్ణి అంటే ఊరి లెక్కలు రాసేవాడు. దేశ్‌పాండే పరగణా లెక్కలు చూసేవాడు. దేశ్‌ముఖ్ పరగణాకే పెద్ద, శిస్తు వసూలు ఆయన చేతిలోది. మన 'బొమ్మరిల్లు' హాసిని జెనీలియా 2012లో రితేశ్‌ను పెళ్లాడి ఏ ఇంటి కోడలైందో గుర్తుందిగా? దేశ్‌ముఖ్ వారింటికే!

అన్నట్టు, పటేల్ పట్వారీలు, కరణాల కొలువుల్ని 1984లో రద్దుచేసిందెవరు? ముఖ్యమంత్రిగా ఉన్న మన ఎన్టీఆరే! కొలువులు పోయాయి. కరణం, కులకర్ణి అనే ఇంటిపేర్లు మాత్రం చెక్కుచెదరలేదు.

అయితే ఇక్కడే ఉంది అసలు చిక్కు. టేలర్ అన్న పేరు విని 'మీరు దర్జీలా?' అని ఇంగ్లండులో ఎవరూ అడగరు. మన దగ్గరో? కరణం అంటే గౌరవం. మేర, వడ్ల, కమ్మరి, చాకలి అంటే కులం ఆరా! బళ్లో హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు రాగానే నలుగురూ వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్లాడి మనసు ఎంత చివుక్కుమంటుంది?

పాలకుర్తి ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. లోకం పిలిచింది మాత్రం చాకలి ఐలమ్మ అని. తన పొలం కోసం, పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలబడింది. చూశారా! ఒకరిది బట్టలుతికే వృత్తి పేరు, ఒకరిది శిస్తు వసూలు చేసే కొలువు పేరు. చివరికి ఏ పేరు నిలిచింది? 1985లో కన్నుమూసిన ఆమె పేరునే 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. అదీ 'చాకలి'తో సహా!

బాసరలో ఇవాళ పలక పట్టిన బుజ్జాయి రేపు తన ఇంటిపేరూ రాసుకుంటాడు. అది ఏ వృత్తిదైనా సరే, రాసే చెయ్యి వణక్కూడదు. ఏమంటారు?