పాత స్పోర్ట్స్ కారు కొనవచ్చునా?

అందమైన వాహనాన్ని కోరుకోవడం ధర్మవిరుద్ధం కాదు. హలాల్ సంపాదనతో దానిని కొనుక్కోవడమూ తప్పు కాదు. అయితే కొత్తగా ఉన్నప్పుడు అందరాని పోర్షే బాక్స్‌టర్ వంటి కారు, పాతబడ్డాక ఒక సాధారణ కారు ధరకు దొరుకుతున్నదంటే, ఆ తగ్గిన ధరకు కారణమేమిటో ముందు తెలుసుకోవాలి.

బాక్స్‌టర్ 1996లో వచ్చింది. సీట్లు రెండే, ఇంజను వాటి వెనుక ఉంటుంది. 2008 వరకు వచ్చిన ఈ కార్ల ఇంజన్లలో మధ్య షాఫ్టును మోసే బేరింగు ఒకటి ఉంది. అది విరిగితే ఇంజను మొత్తం పాడైపోవచ్చు. 2009 మోడలు నుంచి అమర్చిన కొత్త ఇంజన్లలో ఆ షాఫ్టే లేదు. కనుక మొదట అడగవలసింది రంగు గురించి కాదు, తయారీ సంవత్సరం గురించి. బేరింగు మార్పించామని చెబితే బిల్లు చూపమనాలి. బిల్లు లేకుంటే ఆయిల్ ఫిల్టరు విప్పించి, దాని మడతల్లో లోహపు పొడి మెరుస్తున్నదేమో మెకానిక్కు చేత పరీక్షింపజేయాలి.

నీటి సంగతి మరొకటి. మడత పైకప్పు చుట్టూ ఉన్న నీటి రంధ్రాలు ఆకులతో పూడిపోతే, వాననీరు సీటు కిందికి చేరి అక్కడి ఎలక్ట్రానిక్ పరికరాన్ని పాడుచేస్తుంది. హైదరాబాదులో 2020 అక్టోబరు వరదలలో మునిగిన కార్లు సరేసరి. తుడిచి మెరుగుపెడితే పైకి ఏమీ తెలియదు. సీటు బెల్టును చివరంటా లాగి చూడండి. లోపల చుట్టుకొని ఉన్న భాగంపై బురద చార ఉంటే మరేమీ అడగనక్కరలేదు.

బజారులో ధాన్యపు కుప్పలోనికి దైవప్రవక్త (స) చేయి పెట్టగా లోపల తడి తగిలిన ఉదంతం మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలుసు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఉంచవలసిందని ఆయన ఆ వర్తకునికి బోధించారు. లోపం చెప్పడం అమ్మేవాని బాధ్యత. అయినా కొనేవాడు కూడా కుప్పలో చేయి పెట్టి చూడవలసిందేనని మా అభిప్రాయం.

గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన మా బంధువుల అబ్బాయి ఇటువంటి కారుపై మనసుపడ్డాడు. చేతిలో కూడబెట్టిన సొమ్ము ఉంది. చెల్లెలి నికాహ్ ఇంకా జరగవలసి ఉంది. నికాహ్ ఖర్చు తీసి పక్కన పెట్టించాము. కారు పాతదైనా విడిభాగాలకు పెద్ద కారు ధరే చెల్లించాలి కనుక మరమ్మతులకూ కొంత తీయించాము. మిగిలినది కారుకు చాలలేదు. తక్కువపడినదానికి వర్తకుడు వడ్డీ ఋణం చూపాడు. ఆ తలుపు మన ఇళ్ళలో మూసి ఉన్నదే కనుక బేరం అక్కడ ఆగింది. అబ్బాయి కొన్నాళ్ళు ముభావంగా ఉన్నమాట నిజమే. "రెండు సీట్లే అయితే అమ్మీ ఎక్కడ కూర్చోవాలిరా?" అని వాళ్ళ అబ్బా అడిగినప్పుడు మాత్రం నవ్వాడు.

స్తోమత ఉన్నవారు కాగితాల విషయంలోనూ తొందరపడకూడదు. ఆర్.సి.లో బ్యాంకు పేరు ఉంటే ముందు దానిని తీయించాలి. వేరే రాష్ట్రపు కారైతే అక్కడి రవాణా శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. రిజిస్ట్రేషనుకు 15 ఏళ్ళు నిండితే దానిని పునరుద్ధరింపజేయాలి. బయానా ఇచ్చేముందు, పరీక్షలో లోపం తేలితే ఆ సొమ్ము తిరిగి ఇస్తానని అమ్మేవాని చేత కాగితంపై వ్రాయించుకోండి. వ్రాయడానికి అతడు వెనుకాడితే మరో కారు చూసుకోవచ్చు.