పిట్టగోడకు సన్న గీత ఎందుకు?

ఇంటి ప్లాన్ అంటే పైకప్పు మీది నుంచి చూసిన బొమ్మ కాదు. ఇంటిని నేలకు కొంత ఎత్తులో అడ్డంగా కోసి, కిందికి చూస్తే కనిపించేది. రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో ఈ కోత సాధారణంగా 1,200 మిల్లీమీటర్ల ఎత్తులో, అంటే సుమారు 4 అడుగుల దగ్గర ఉంటుంది. తెగిన గోడకు మందపు గీత, అంతకన్నా కిందే ఆగిన పిట్టగోడకు సన్న గీత వస్తాయి.

మరి 5 అడుగుల అడ్డుగోడ? కోతకు తగిలినా సరే, 2 మీటర్లలోపు గోడలను రెవిట్ తెగినట్టు చూపదు. దానికీ సన్న గీతే.

అసలు చిక్కు అంతకు పైన. ఒకే రకం గోడలైతే 7 అడుగులదీ, శ్లాబును తాకేదీ ప్లాన్‌లో అచ్చం ఒకేలా ఉంటాయి. గాలి కోసం పైన ఖాళీ వదలాల్సిన గోడను మేస్త్రీ శ్లాబుదాకా కట్టేస్తే తప్పు అతనిది కాదు. గోడ పక్కనే ఎత్తు రాసి, నిలువుకోత బొమ్మ కూడా ఇవ్వాలి.