పరుల నగ మన ఇంట ఉన్న పూట
(రేడియో ప్రసంగం)



నగల దుకాణాలవారికీ, పాత నగలు అమ్మదలచినవారికీ ఫోటోలు తీసి ఇవ్వడం ఇంటిపట్టున ఉండి చేసుకోదగిన పని. ఫోటో ఎలా తీయాలో నేర్పేవారు చాలామందే ఉన్నారు. ఆ నగ మన చేతిలో ఉన్న నాలుగు గంటలూ దాన్నెలా కాపాడాలో చెప్పేవారు తక్కువ. ఈ పూట దాన్ని గురించే మాట్లాడుకుందాం.

మన అనంతపురం వైపు బంగారం అంటే అలంకారం ఒక్కటే కాదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు ఇంతదూరం వచ్చేసరికి నీరసిస్తాయి. వాన పడితే వేరుశనగ విత్తనం కొనాలి, పడకపోతే ఇల్లు గడవాలి. రెంటికీ బ్యాంకుకు వెళ్ళేవి బీరువాలోని గాజులే. అందుచేత మన బల్లమీది హారం ఒక ఇంటివాళ్ళ కరువుకాలపు ఆసరా. ఎరువు సొమ్ము బరువు చేటు అని పెద్దలు ఊరికే అనలేదు.

చట్టమూ ఈ మాటే చెబుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను ప్రకారం, ఒకరు అప్పగించిన వస్తువును, వివేకం గల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. డబ్బు తీసుకున్నామా, ఊరికే చేశామా అన్న తేడా లేదు. మరి జాగ్రత్తగానే చూశామని రేపు ఎలా చూపించగలం? దానికి మన కెమెరాయే సాక్షి.

నగ చేతికి రాగానే తీసే మొదటి ఫోటో అందం కోసం కాదు, లెక్క కోసం. చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కోండి. నగ ఇచ్చినవారి ఎదుటే తూచి, అంకె కనబడేలా ఫోటో తీయండి. మన కాటా కొంచెం అటూ ఇటూ చూపినా భయం లేదు; తిరిగి ఇచ్చేటప్పుడూ అదే కాటాపై తూస్తే తేడా ఉంటే బయటపడుతుంది. తర్వాత వెనకవైపు, కొక్కెం, రాళ్ళు దగ్గరగా తీయండి. ఊడిన రాయి, సొట్ట, అరిగిన లంకె ముందే ఉంటే అప్పుడే చూపించి రాయించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగ అమ్మాలంటే దానిపై అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరింటి గుర్తు ఉండాలి. ఉంటే దాన్నీ రాసుకోండి. రెండు కాగితాలు రాసి ఇద్దరూ సంతకం పెట్టి చెరొకటి ఉంచుకోండి. "మన మధ్య కాగితాలెందుకక్కా?" అంటారు. "నీ మీద అనుమానం కాదమ్మా, రేపు మన మధ్య మాట రాకుండా" అని చెప్పండి.

పని చేసేటప్పుడు బల్లమీద ఒక్క నగే ఉండాలి. మిగిలినవి వేరు వేరు సంచుల్లో, చీటీతో, తాళం లోపల ఉండాలి. అంచున్న పళ్ళెంలో తెల్లగుడ్డ పరిచి దానిపైనే తీయండి. రాయి జారినా అక్కడే దొరుకుతుంది. పాత నగల్లో లక్క ఉంటుంది కనుక వేడి దీపం దగ్గర పెట్టకండి, నీళ్ళలో ముంచకండి. లెక్క సరిచూసేదాకా ఆ గది ఊడ్చవద్దు. ఒక రాయి కనబడకపోతే ముందుగా పనిమనిషి మీదికి మాట పోతుంది. ఆ అన్యాయం జరగకుండా చూడటమూ మన బాధ్యతే.

రాత్రికి నగ మన ఇంట ఉండకపోవడమే మేలు. పొద్దున తెచ్చుకొని దీపాలవేళకు ముందే ఇచ్చేయండి. వీలైతే వారి దుకాణంలోనే, వారి ఇంటిలోనే తీయండి. బ్యాంకు లాకరు ఉందిగదా అంటారేమో. 2022 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరురెట్లు. అంటే అద్దె రెండువేలయితే రెండు లక్షలే. దుకాణంవారికి భీమా ఉంటే, నగ మన చేతిలో ఉన్నప్పుడూ అది వర్తిస్తుందో లేదో వారిచేత రాయించి తీసుకోండి.

ఇక నోటి జాగ్రత్త. ఏ దుకాణం నగలు ఏ రోజు వస్తాయో ఇరుగుపొరుగుకు చెప్పవద్దు. ఫోనులో తీసిన ఫోటోలో తీసిన చోటు కూడా దాగి ఉండవచ్చు; కెమెరా సెట్టింగులో లొకేషన్ ఆపేయండి. నగ తిరిగి వెళ్ళాకే ఫోటో బయట పెట్టండి, అదీ యజమాని ఒప్పుకుంటేనే.

ఇచ్చేటప్పుడు మళ్ళీ తూచి, ఫోటో తీసి, "ముట్టినది" అని రాయించుకొని సాగనంపండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. కానీ ఆ రాత్రి వారూ మనమూ నిశ్చింతగా నిద్రపోతాం. ఉంటాను, సెలవు.